అరవై నిండగానే సీనియరేనా? మనసుకి నలభై అయిదే ఉంటే ఏం చేయాలి?

మాస్టారూ, మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు కుదించి చెప్పుకుంటాను. మీకు సర్టిఫికెట్ ప్రకారం 60 నిండాయి. పుట్టినతేదీ 1965 జులై 1 అని బడిలో వేశారు, అసలు పుట్టింది ఆ మరుసటేడు. ఆంధ్రలో ప్రభుత్వ బడిలో పంతులుగారు, 62 దాకా సర్వీసు ఉంది. బస్సెక్కితే కండక్టరు "ఆధార్ ఉంటే ఇవ్వండి మాస్టారూ, పావు వంతు తగ్గుతుంది" అన్నాడు, మీకు చివుక్కుమంది. మనసుకి నలభై అయిదు దాటినట్టే లేదు. అసలు ఏ వయసుకి సీనియర్ అంటారు, ఆ రాయితీలు తీసుకోవాలా వద్దా, లోపల ఇంత కుర్రతనం ఉండటం సహజమేనా, మా అబ్బాయి స్కూటర్ మానేయమంటున్నాడు మానాలా. ఇవీ మీరు అడిగినవి.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ని. డెబ్భై దాటాయి. ఇప్పుడు మా ఊరి పెన్షనర్ల సంఘంలో ఫారాలు నింపిపెట్టే బల్ల దగ్గర కూర్చుంటాను. వయసు సంగతి నాకు తెలిసిందంతా ఆ బల్ల దగ్గర తెలిసిందే.

ఈ దేశంలో సీనియర్ అనే వయసు ఒక్కటి లేదండి. ఏ కౌంటర్ ముందు నిలబడితే ఆ కౌంటర్‌కి ఒక వయసు. అందరూ చెప్పే 60కి గట్టి ఆధారం 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. అది 60 నిండిన భారత పౌరులందరినీ సీనియర్ సిటిజన్ అంది. ఆదాయపు పన్నువాళ్లకి 2011 బడ్జెట్ దాకా ఆ గీత 65 దగ్గర ఉండేది. ఆ ఏడు 60కి దించి, 80 దాటినవాళ్లకి ఇంకో మెట్టు పెట్టారు. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకి 60 దాటితే 3 లక్షల దాకా, 80 దాటితే 5 లక్షల దాకా పన్ను లేదు. కొత్త పద్ధతిలో వయసుతో పనే లేదు, పాతికేళ్ల కుర్రాడికీ మీకూ ఒకే శ్లాబులు. మీరు కొత్త పద్ధతిలో ఉంటే పన్ను విషయంలో మీ కోరిక తీరినట్టే, మిమ్మల్ని ఎవరూ పెద్దాయన అనరు.

రైల్వేది మరో లెక్క. ఒకప్పుడు మగవాళ్లకి 60కి 40 శాతం, ఆడవాళ్లకి 58కే 50 శాతం టికెట్లో తగ్గేది. కోవిడ్ వచ్చిన 2020 మార్చిలో ఆపారు, మళ్లీ ఇవ్వలేదు. మిగిలింది లోయర్ బెర్తు కోటా. అది మగవాళ్లకి 60 నుంచి, ఆడవాళ్లకి 45 నుంచి. (మీ ఇంటావిడకి ఈ మాట చెప్పేటప్పుడు కాస్త చూసుకుని చెప్పండి.) చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ కోటా కింద బుక్ చేస్తే టికెట్ మీద ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉండాలి, వాళ్లూ ఆ వయసువాళ్లే అయి ఉండాలి. కొడుకు, కోడలు, మనవడు అందరినీ కలిపి ఒకే టికెట్ తీసి, "సీనియర్‌కి పై బెర్తు ఇచ్చారు, చూడండి" అని మా బల్ల దగ్గరికొచ్చి కేకలేసేవాళ్లు చాలామంది. మీ ఇద్దరికీ విడిగా తీసుకోండి.

తిరుమలలో వృద్ధుల దర్శనం 65 నుంచి. అంటే వెంకన్న దగ్గర మీరింకా అయిదేళ్లు కుర్రవాడే, అందరితోపాటు లైన్లో నిలబడాలి. ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది, దానికి 70 నిండాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి అదనపు పెన్షన్ 80 నుంచి. ఎన్నికల్లో ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు మొదట 80 దాటినవాళ్లకి ఇచ్చి, 2024లో 85కి పెంచారు. ఇలా చూస్తే మీరు ఒకచోట ముసలివారు, ఇంకోచోట మధ్యవయసువారు, మరోచోట దరఖాస్తు చేసుకోవడానికే పనికిరాని పిన్నవారు.

సర్టిఫికెట్ వయసు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మన తరంలో ఇది ఇంటింటి కథ. బళ్లో చేర్పించడానికి వయసు చాలకపోతే మాస్టారే ఒక ఏడు వేసేసేవారు, తేదీ గుర్తులేకపోతే బడి తెరిచే రోజులు చూసి జూన్ ఒకటో జులై ఒకటో రాసేసేవారు. పాత సర్వీసు రిజిస్టర్లు తిరగేస్తే సగం ఆఫీసు ఒకే రోజు పుట్టినట్టుంటుంది. ఇప్పుడు దాన్ని మార్చడం గురించి ఆలోచించకండి. రాష్ట్రంలో ఉద్యోగుల పుట్టినతేదీకి 1984 నుంచి నిబంధనలున్నాయి, సర్వీసు రిజిస్టర్లో ఒకసారి ఎక్కిన తేదీయే ఖాయం. పైగా ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతారు. కాబట్టి మీకు జులై జీతం ఉండదు, జూన్ 30నే దండలు వేసేస్తారు. పంచాంగం సంగతి వేరు. 1965 ఉగాదికి మొదలైన విశ్వావసు అరవయ్యేళ్లు తిరిగి 2025 ఉగాదికి వచ్చింది, మీరు అసలు పుట్టిన పరాభవ 2026 ఉగాదికి. షష్టిపూర్తి అసలు తిథి చూసే చేయించుకోండి, సర్టిఫికెట్ చూసి కాదు. పిల్లలు తిరుక్కడయూర్ తీసుకెళ్తామంటే వెళ్లండి, తమిళనాడులో ఆ గుడి ఈ పనికే పేరుబడింది. అక్కడ ఒకేసారి పదుల కొద్దీ అరవయ్యేళ్ల పెళ్లికొడుకుల్ని చూస్తే మీ బెంగ సగం తగ్గుతుంది.

ఇక ఈ 60, 65 అనే అంకెలు ఎక్కణ్నుంచి వచ్చాయన్నది. ఇవి వైద్యులు పెట్టినవి కావు, ఖజానాలు పెట్టినవి. జర్మనీలో బిస్మార్క్ 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చినప్పుడు వయసు 70. 1916లో దాన్ని 65 చేశారు. చట్టం తెచ్చేనాటికి బిస్మార్క్‌కే 74, ఇంకా చాన్సలర్ కుర్చీలోనే ఉన్నాడు.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. 1983 జనవరిలో ఎన్టీ రామారావుగారు మొదటిసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరిలో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి దించారు. వేలమంది ఒక్కసారిగా ఇంటికెళ్లారు. పెళ్లికెదిగిన కూతురున్నవాళ్లు, ఇల్లు సగం కట్టుకున్నవాళ్లు ఎలా అల్లాడిపోయారో ఆ రోజుల్లో ఉద్యోగం చేసినవాళ్లని అడగండి. ఆయన పుట్టింది 1923 మే 28న. అంటే 55కే పని చాలించమన్న ఆయనకి అప్పటికి 59 ఏళ్లు, కొత్త ఉద్యోగంలో అప్పుడే చేరారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1985 జనవరిలో కోర్టు ఆ తగ్గింపు చెల్లుతుందనే చెప్పింది. ఆ తీర్పు వచ్చేలోపే వయసు మాత్రం మళ్లీ 58కి వచ్చింది. రాష్ట్రం విడిపోయిన 2014లో ఆంధ్రలో 60, 2022లో 62. తెలంగాణలో 2021లో 61. ఇవాళ నాగార్జునసాగర్ దగ్గర కృష్ణకి ఈ ఒడ్డున ఉన్న పంతులుగారికి ఇంకో ఏడు సర్వీసుంటే, ఆ ఒడ్డున అదే వయసు పంతులుగారు పెన్షన్ కాగితాలు పట్టుకుని తిరుగుతుంటాడు. ఇద్దరి మోకాళ్లూ ఒకటే.

నలభయ్యేళ్లలో 55, 58, 60, 62 అని నాలుగుసార్లు మారిన అంకె మీ ఒంటి గురించి ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. ఆ ఏడు ఖజానాలో ఎంత ఉందో, ఉద్యోగాల కోసం ఎంతమంది కుర్రాళ్లు ఎదురుచూస్తున్నారో, రిటైరయ్యేవాళ్లకి ఇవ్వాల్సిన డబ్బు ఎంతో, అది చెబుతుంది.

అలాగని ముసలితనం అన్నదే లేదని నేననను. ఒక్క జాబితా మాత్రం ఒంటి సంగతి కాస్త నిజంగా చెబుతుంది. పెన్షన్ల జాబితా. ఆంధ్రలో వృద్ధాప్య పెన్షన్ 60కి. 2019 ముందు 65 ఉండేది. తెలంగాణలో 65 నుంచి 57కి దించారు. కానీ రెండు రాష్ట్రాల్లోనూ చేనేతవాళ్లకి, కల్లుగీతవాళ్లకి 50కే ఇస్తారు. ఆంధ్రలో మత్స్యకారులకి కూడా 50కే, గిరిజనులకి 50కే, చెప్పులు కుట్టేవాళ్లకి 40కే. ఈ జాబితా రాసినవాళ్లకి పని ఒంటిని ఎలా తినేస్తుందో తెలుసు. గుంట మగ్గంలో కాళ్లు వేలాడేసి ముప్ఫయ్యేళ్లు కూర్చున్న మనిషికి నడుము, మోకాళ్లు, కళ్లు మూడూ ఒకేసారి వెళ్లిపోతాయి. తాడిచెట్టు ఎక్కేవాడికి యాభై దాటాక పట్టు సడలిందంటే అది పెన్షన్ ప్రశ్న కాదు, ప్రాణం ప్రశ్న. మా బల్ల దగ్గరికి 52 ఏళ్ల నేత కార్మికుడూ 75 ఏళ్ల రిటైర్డ్ లెక్చరరూ ఒకే రోజు వస్తే, ఎవరు పెద్దవారని కొత్తవాళ్లు తేల్చుకోలేరు. మీరు నలభై అయిదులా ఉన్నానంటున్నారంటే అందులో మీ గొప్ప కొంత, నీడపట్టున చేసిన ఉద్యోగం గొప్ప కొంత. పల్లెలో పద్దెనిమిదికే పెళ్లయిన ఆడమనిషి నలభైకల్లా అమ్మమ్మ అయి కూర్చుంటుంది, ఆవిణ్ని ఎవరూ నీకు లోపల ఎన్నేళ్లమ్మా అని అడగరు.

సరే, లోపలి వయసు. ఇది మీ ఒక్కరిదే కాదు. డెన్మార్క్‌లో చేసిన ఒక అధ్యయనం 2006లో అచ్చయింది. నలభై దాటినవాళ్లు సగటున తమ అసలు వయసుకంటే 20 శాతం తక్కువగా అనిపిస్తోందని చెప్పారు. అరవైలో 20 శాతం తీసేస్తే 48. మీరు 45 అంటున్నారు, ఒక మూడేళ్లు ఎక్కువ ఆశపడ్డారంతే. జర్మనీలో ఇంకో సంగతి తేలింది. ముసలితనం ఎప్పుడు మొదలవుతుందని 64 ఏళ్లవాళ్లని అడిగితే దాదాపు 75 అన్నారు. వాళ్లే డెబ్భై నాలుగుకి వచ్చాక అడిగితే 77 దగ్గరికి జరిపారు. నేనూ అంతే. నాకు 80 అంటే ముసలితనం అనిపిస్తోంది, ఇరవయ్యేళ్ల కిందట మాత్రం 70 అనేవాణ్ని.

ఇలా అనిపించడం మంచిదేనా? చాలావరకు మంచిదే. అమెరికాలో ఒహైయో రాష్ట్రంలో 50 దాటిన 660 మందిని చాలా ఏళ్లు గమనించి, బెక్కా లెవీ అనే ఆవిడ బృందం 2002లో చెప్పిందేమిటంటే, వయసు మీద పడటం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు అది లేనివాళ్లకంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే మంచి అభిప్రాయం ఉంటుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. మొదట్లో ఒళ్లు ఎలా ఉంది, డబ్బు ఎంత ఉంది లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా ఆ తేడా నిలిచిందట. అయితే గమనించండి, వాళ్లు కొలిచింది "నేను కుర్రాణ్ని" అనుకోవడాన్ని కాదు. "వయసు పెరుగుతోంది, పెరిగితే ఏం" అనుకోవడాన్ని. జుట్టుకి రంగు వేసుకుని తాతా అన్నవాడి మీద విరుచుకుపడేవాళ్లు ఈ రెండో రకం కాదు.

మన ఇళ్లల్లో ఈ లోపలి వయసుని నిలబెట్టేవి, పడగొట్టేవి వేరే ఉన్నాయని నా అభిప్రాయం. అమ్మ బతికున్నంతకాలం డెబ్భై ఏళ్లవాడైనా "అన్నం తిన్నావురా" అనిపించుకుంటూ పిల్లాడిలానే ఉంటాడు. ఆవిడ పోయిన నెలలో ఒక్కసారి పదేళ్లు మీదపడతాయి. రిటైరైన మొదటి ఏడాది ఇంకో దెబ్బ. ముఖ్యంగా మీలాంటివాళ్లకి. రోజూ నలభై మంది పిల్లలు "సార్, సార్" అని చుట్టూ తిరుగుతుంటే వయసు గుర్తురాదు. ఆ బెల్లు ఆగిపోయిన రోజు నుంచి గుర్తొస్తుంది. ఈ రెండేళ్లలోనే, రిటైరయ్యాక పొద్దున్నే ఎక్కడికి వెళ్తారో చూసి పెట్టుకోండి. ట్యూషనో, లైబ్రరీయో, పొలమో, నాటక సమాజమో, ఏదైనా సరే, మీరు రాకపోతే "మాస్టారు ఇవాళ రాలేదేం" అని అడిగే చోటు కావాలి. వాకింగ్ ట్రాక్ చాలదు. అక్కడ పరిచయాలవుతాయి గానీ పని ఉండదు.

రాయితీలు తీసుకోవాలా అంటే, నిస్సందేహంగా తీసుకోండి. ఆర్టీసీలో 25 శాతానికి ఆధార్ చూపిస్తే చాలు. కార్డు కావాలంటే గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్లున్న బ్యాంకుకి వెళ్లి మీ పుట్టినతేదీ సరిగా ఎక్కిందో లేదో చూసుకోండి. మామూలుగా సీనియర్లకి అర శాతం ఎక్కువ వడ్డీ ఇస్తారు, కానీ పాత డిపాజిట్‌కి దానంతటదే పెరగదు, రెన్యువల్ అయినప్పుడే. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి లక్ష దాకా వడ్డీ మీద సీనియర్లకి బ్యాంకు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోయదు. టీడీఎస్ లేదంటే పన్ను లేదని కాదు, అది వేరే లెక్క. పోస్టాఫీసులోనూ బ్యాంకులోనూ ఉండే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 60 నిండినవాళ్లు సర్వీసులో ఉన్నా చేరొచ్చు. గరిష్ఠం 30 లక్షలు, అయిదేళ్లు, మూడు నెలలకోసారి వడ్డీ. రిటైరయ్యాక వచ్చే డబ్బుకి నా మటుకు నేను మొదట చెప్పేది ఇదే. బస్సులో ఎవరైనా కుర్రాడు లేచి సీటిస్తే కూర్చోండి. వద్దు వద్దంటే ఆ పిల్లాడు మళ్లీ ఇంకెవరికీ లేవడు.

ఇక మీకు నచ్చని భాగం. మనసు వయసుని నమ్మి ఏదైనా మొదలుపెట్టండి, వీణ నేర్చుకోండి, పీహెచ్‌డీ చేయండి, కొండలెక్కండి. దాన్ని నమ్మి వాయిదా వేయకూడనివి రెండున్నాయి, ఒళ్లూ కాగితాలూ.

ఒంటికి ఒక పరీక్ష చెబుతాను. చేతులు లేని కుర్చీని గోడకి ఆనించి, పక్కన ఒకరిని నిలబెట్టుకుని, చేతులు గుండె మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోండి. 15 సెకన్లు దాటిందంటే కాళ్లలో కండ తగ్గుతోందని అర్థం. ఇంకోటి, కుర్చీలోంచి లేచి మామూలుగా 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోండి. 12 సెకన్లు గానీ ఆపైన గానీ పడితే, ఆ మనిషి పడిపోయే ప్రమాదం ఉందని డాక్టర్లు లెక్కేస్తారు. నలభై అయిదనుకునే మనసు ఈ రెండు పరీక్షల్లో అబద్ధం ఆడలేదు. ఫలితం బాగా లేకపోతే నడక ఒక్కటే పెంచి లాభం లేదు, కండకి బరువు కావాలి. 65 దాటినవాళ్లు వారానికి రెండు రోజులైనా కండరాల వ్యాయామం, మూడు రోజులు బ్యాలెన్స్‌కి పనికొచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అయిదేళ్లు ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ కుర్చీలోనే లేచి కూర్చోవడమే మొదటి వ్యాయామం.

తుంటి విరిగి మంచాన పడ్డవాళ్ల కథలు నేను విన్నవాటిలో చాలావరకు రోడ్డు ప్రమాదాలు కావు. రాత్రి లేచి లైటు వేయకుండా బాత్రూముకి వెళ్లడం, తడి గచ్చు మీద జారడం, సంక్రాంతికి ముందు స్టూలెక్కి బూజు దులపడం. ఆ స్టూలు ఎక్కేవాళ్లంతా "నాకేం, నేను గట్టివాణ్ని" అన్నవాళ్లే. బూజుకర్రకి ఇంకో కర్ర కట్టుకోండి, లేదా మీ అబ్బాయితో దులిపించండి.

చెవుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనవాళ్ల పట్టుదల నాకు అర్థం కాదు. నలభై రెండో ఏట చత్వారం వస్తే మారుమాట్లాడకుండా కళ్లజోడు పెట్టుకుంటాం. చెవి మందగిస్తే మాత్రం మిషన్ పెట్టుకోం, టీవీ సౌండు పెంచుతాం, అందరూ గొణుగుతున్నారని తిడతాం. ఆ మిషన్ పెట్టుకుంటే ముసలాడంటారని భయం. మాట వినపడక నవ్వేసి ఊరుకునేవాణ్నే జనం త్వరగా ముసలాడి కింద కడతారు. పైగా వినికిడి తగ్గినా పట్టించుకోకపోతే మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని లాన్సెట్ పత్రిక వేసిన వైద్యుల కమిషన్ తన నివేదికల్లో చెప్పింది. బళ్లో వెనక బెంచీ పిల్లల మాట మీకు వినపడుతోందా? లేకపోతే రిటైరయ్యేదాకా ఆగకండి.

కాగితాల విషయానికొస్తే, మొదట మీ నామినేషన్లు తీసి చూడండి. ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మ పేరు రాసి, పెళ్లయ్యాక మార్చని మాస్టార్లు ఎంతమందో. పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాలు, సర్వీసు రిజిస్టరు, అన్నింటిలోనూ. వీలునామా మాటెత్తితే "ఇప్పుడెందుకండీ, నేనింకా బాగానే ఉన్నాను" అంటారు. బాగా ఉన్నప్పుడే రాయాలి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలు తగ్గుతాయి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

దాన సెటిల్‌మెంట్ అలా కాదు. ఇల్లు పిల్లల పేర పెట్టేస్తే పెట్టేసినట్టే. షష్టిపూర్తి సంబరంలో "మీ పేర పెట్టేస్తాన్రా" అని మాటిచ్చి, తర్వాత రిజిస్ట్రారాఫీసుకి వెళ్లేవాళ్లున్నారు. తప్పదనుకుంటే ఒక్క పని చేయండి. మమ్మల్ని కనిపెట్టుకుని, మా అవసరాలు చూసే షరతు మీదే ఇస్తున్నామని దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆ షరతు మీద ఇచ్చిన ఆస్తిని తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. మన జిల్లాల్లో ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో గారో సబ్ కలెక్టరు గారో. షరతు లేకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన మరో తీర్పు ఈ చట్టాన్ని పెద్దవాళ్ల మేలు కోరి ఉదారంగా చదవాలంది. ఉదారంగా చదివే జడ్జి కోసం మనం ఎదురుచూడటం ఎందుకు, రెండు వాక్యాలు రాయిస్తే పోయేదానికి. దీనికి మాత్రం 60 అనే అంకె మీకు నిజంగా కావాలి. ఆ చట్టం కింద సీనియర్ సిటిజన్ హోదా అంటే బస్సు టికెట్ కాదు, మీ ఇంట్లో మీరు ఉండే హక్కు. ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది వస్తే 14567 అని పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్ చేయమనండి.

చివరగా స్కూటర్. మీ అబ్బాయి మానేయమన్నాడని మానొద్దు, మీకు ఇష్టమని నడపొద్దు. కళ్లు చూపించుకోండి, ముఖ్యంగా శుక్లాలు. ఎదురుగా వచ్చే లైట్ల చుట్టూ వెలుగు చెదిరి కనిపిస్తుంటే రాత్రిళ్లు తీయకండి, పగలు నడపండి. మెడ తిప్పి వెనక్కి చూడటం కష్టమైతే అద్దాలు రెండూ ఉండాలి. మనవాళ్లు కొన్న వారానికే ఎడమ అద్దం విప్పేస్తారు. వీటన్నిటికంటే ముందు లైసెన్సు తీసి తేదీ చూడండి. మీ వయసువాళ్లలో చాలామందికి పాత నిబంధనల ప్రకారం 50కి ఒకసారి, అక్కణ్నుంచి అయిదేళ్లకోసారి రెన్యువల్ అయ్యాయి. అంటే సరిగ్గా ఈ అరవై నిండే రోజుల్లోనే గడువు అయిపోతుంది. 2019 సవరణ తర్వాత ముప్ఫై రోజుల మినహాయింపు లేదు, గడువు దాటిన మర్నాడు నుంచి అది చెల్లదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. ఏడాది లోపయితే డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ పెట్టి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఏడాది దాటితే మళ్లీ టెస్టుకి వెళ్లాలి, అక్కడ మీ పాత విద్యార్థి ఎవరో ఇన్‌స్పెక్టరుగా కూర్చుని ఎనిమిది వేయమంటాడు. సర్టిఫికెట్‌లో ఏడాది ఎక్కువ పడింది కాబట్టి మీ గడువు మీరనుకునేదానికంటే ముందే అయిపోయి ఉండొచ్చు, ఈ వారమే చూసుకోండి.